గోడ పక్కన మైదానం: సరీ నుసైబా జీవితం, రాజకీయం

(గ్రంథాలయ మందిరంలో జరిగిన నెలవారీ ప్రసంగం, లిఖిత పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల సభ ముగిశాక ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, పాలస్తీనా గురించి రోజూ చదువుతున్నాం. ఎంతమంది పోయారో తెలుస్తోంది. కానీ అక్కడి మనిషి ఒక్కరైనా మాకు తెలియదు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. అందుకే ఈ సాయంత్రం ఒకే ఒక మనిషి గురించి మాట్లాడతాను. ఆయన పేరు సరీ నుసైబా. తత్వశాస్త్ర ఆచార్యుడు. 1995 నుంచి 2014 దాకా జెరూసలెంలోని అల్ ఖుద్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. మన దగ్గర వైస్ చాన్సలర్ చూసే పనులన్నీ అక్కడ అధ్యక్షుడే చూస్తాడు. జెరూసలెం నగరాన్ని అరబ్బీలో అల్ ఖుద్స్ అంటారు. ఆ నగరం పేరే విశ్వవిద్యాలయం పేరు.

కవులున్నారు, యోధులున్నారు, మంత్రులున్నారు. విశ్వవిద్యాలయాన్ని నడిపిన మనిషి ఎందుకు అని మీరు అడగవచ్చు. 2023 డిసెంబర్ 2న గాజాలోని ఇస్లామిక్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు సుఫియాన్ తాయెహ్ బాంబు దాడిలో కుటుంబంతో సహా చనిపోయారు. ఆయన భౌతికశాస్త్రవేత్త. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే గాజాలో దెబ్బతినని విశ్వవిద్యాలయం అంటూ మిగలలేదు. ముప్పై ఏళ్లు తరగతి గదిలో బతికినవాణ్ణి నేను. ఆ వార్త చదివిన రోజు, పాలస్తీనా వాళ్లు అసలు ఆ విశ్వవిద్యాలయాలను ఎలా కట్టుకున్నారో, ఎవరు నిలబెట్టారో తెలుసుకోవాలనిపించింది. ఆ వెతుకులాటలోనే నుసైబా నాకు దగ్గరయ్యారు.

ఆయన 1949లో డమాస్కస్‌లో పుట్టారు. జెరూసలెం కుటుంబపు బిడ్డ డమాస్కస్‌లో ఎందుకు పుట్టాడంటే, 1948 యుద్ధం ఇళ్లు ఖాళీ చేయించింది కాబట్టి. తండ్రి అన్వర్ నుసైబా ఆ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నారు. తర్వాత ఆయన జోర్డాన్ ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా, జెరూసలెం గవర్నరుగా, లండన్‌లో రాయబారిగా పనిచేశారు. కుటుంబం చాలా పాతది. ఏడో శతాబ్దంలో ఖలీఫా ఉమర్‌తో పాటు జెరూసలెం చేరిన వంశమని చెప్పుకుంటారు. ఉహుద్ యుద్ధంలో ప్రవక్త పక్కన నిలబడి పోరాడిన నుసైబా అనే స్త్రీ పేరే ఇంటి పేరైంది. ఒక స్త్రీ పేరును పద్నాలుగు వందల ఏళ్లుగా ఇంటి పేరుగా మోస్తున్న కుటుంబం అది. ఇంకొక సంగతి. యేసుక్రీస్తు సమాధి ఉన్నదని క్రైస్తవులు నమ్మే పవిత్ర సమాధి చర్చి తలుపును ప్రతి ఉదయం తెరిచే బాధ్యత ఈ ముస్లిం కుటుంబానిదే. తాళంచెవి జూదె అనే మరో ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది. చర్చిలో భాగాలున్న క్రైస్తవ శాఖలు తమలో తాము తగవు పడకుండా తలుపు బయటివారి చేతిలో పెట్టారు.

ఆయన పెరిగిన ఇల్లు సరిహద్దు అంచున ఉండేది. 1948 నుంచి 1967 దాకా జెరూసలెం రెండు ముక్కలు. మధ్యలో ఎవరికీ చెందని నేల, ముళ్లకంచె. పిల్లవాడు కిటికీలోంచి చూస్తే అవతల మియా షెరీమ్ వీధుల్లో నల్ల కోట్లు వేసుకున్న సంప్రదాయ యూదులు నడిచిపోతూ కనిపించేవారు. ఇజ్రాయెలీ రచయిత ఆమోస్ ఓజ్ ఆ కంచెకు అవతలే పెరిగాడు. అతని బాల్య జ్ఞాపకాలు చదివిన తర్వాతే, తన బాల్యంలో అటువైపు మనుషులు లేరని, అతని బాల్యంలో తామూ లేమని నుసైబాకు అనిపించింది. ఆయన రాజకీయం అంతా ఆ కిటికీ దగ్గర మొదలైందని నేను నమ్ముతాను.

ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చదివారు. అక్కడ పరిచయమైన లూసీ ఆస్టిన్‌ను పెళ్లి చేసుకున్నారు. మాటకు కూడా చేతలాగే పని చేసే శక్తి ఉందని వివరించిన తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ఆమె తండ్రి. 1978లో హార్వర్డ్‌లో ఇస్లామిక్ తత్వశాస్త్రంలో డాక్టరేట్ పూర్తి చేశారు. ఎక్కడైనా ఉండిపోగలిగిన మనిషి అదే ఏడాది రమల్లా పక్కనున్న బీర్జైత్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి తిరిగి వచ్చారు.

బీర్జైత్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1924లో నబీహా నాసిర్ అనే మహిళ చిన్న బడిగా ప్రారంభించిన సంస్థ అది. 1970ల్లో పూర్తి విశ్వవిద్యాలయమైంది. దాన్ని నడిపిస్తున్న హన్నా నాసిర్‌ను, 1967 యుద్ధం నుంచి ఆ ప్రాంతాన్ని ఆక్రమించి ఉన్న ఇజ్రాయెల్ సైన్యం 1974 నవంబర్‌లో లెబనాన్‌కు బహిష్కరించింది. ఆయనకు తిరిగి ఇంటికి రావడానికి 1993 దాకా పట్టింది. పంతొమ్మిదేళ్లు ఒక విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ప్రవాసంలో ఉన్నాడు. ఆ పదవిని మాత్రం సహచరులు ఆయనకే ఉంచారు. గాబీ బరంకి తాత్కాలిక అధ్యక్షుడి హోదాలోనే అన్నేళ్లూ సంస్థను నడిపారు. కుర్చీని తనది చేసుకోకుండా పంతొమ్మిదేళ్లు కాపలా కాయడం చిన్న విషయం కాదు.

1980లో సైన్యం 854వ నంబరు ఉత్తర్వు తెచ్చింది. విద్యార్థుల ప్రవేశాలు, అధ్యాపకుల నియామకాలు, పాఠ్యాంశాలు అన్నీ సైనికాధికారి అదుపులోకి వస్తాయని దాని సారం. 1982లో విదేశీ అధ్యాపకులను పాలస్తీనా విమోచన సంస్థకు మద్దతివ్వబోమని సంతకం పెట్టమన్నారు. పెట్టనివారిని పంపించేశారు. నుసైబా అధ్యాపకుల సంఘంలో నాయకుడై ఈ ఉత్తర్వుకు ఎదురు నిలిచారు. ప్లేటోను, ఇస్లామిక్ తత్వవేత్త ఇబ్న్ సీనాను చదువుకున్న మనిషి మొదటి రాజకీయ పాఠం సంఘంలో నేర్చుకున్నాడు.

ఇక్కడ ఆయన ఆలోచనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే సంగతి చెబుతాను. ఆయన విద్యార్థుల్లో చాలామంది జైలుకు వెళ్లి వచ్చేవారు. తరగతిలో నిన్న కూర్చున్న కుర్రాడు ఇవాళ ఉండడు. నెలల తర్వాత సన్నబడి తిరిగి వస్తాడు. వాళ్లతో కూర్చుని విచారణ గదిలో ఏం జరిగిందో అడిగేవారాయన. వాళ్లు చెప్పినదాంట్లో ఒక విషయం ఆయనను పట్టుకుంది. ముసుగు వేసి, నిద్ర లేకుండా చేసి, కట్టేసి నిలబెట్టిన గదిలో ఆ పిల్లలకు ఒక క్షణం వచ్చేది. ఈ మనిషి నా దగ్గర అన్నీ తీసుకోగలడు, కానీ నేను ఒప్పుకుంటేనే తప్ప నా మాట తీసుకోలేడు అని తెలిసే క్షణం. అక్కడ అధికారం తలకిందులవుతుంది. ప్రశ్నించేవాడే ఖైదీ మీద ఆధారపడి ఉన్నాడు. స్వేచ్ఛ అనేది ఎవరో ఇచ్చే కానుక కాదని, ఇచ్ఛాశక్తితో మనిషి తనకు తాను చేసుకునేదని నుసైబా అక్కడి నుంచి ఒక సిద్ధాంతం అల్లారు. వ్యక్తి ఎలా చేసుకుంటాడో జాతి కూడా అలాగే చేసుకుంటుందన్నారు.

తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట కలుపుతాను. వెయ్యేళ్ల క్రితం ఇబ్న్ సీనా ఒక ఊహ చేశాడు. ఒక మనిషి ఒక్కసారిగా పుట్టి గాలిలో తేలుతున్నాడనుకోండి. కళ్లకు గంతలు. చేతులు కాళ్లు ఒకదానికొకటి తగలవు. ఏ స్పర్శా లేదు, చప్పుడూ లేదు. అయినా 'నేను ఉన్నాను' అన్నది అతనికి తెలుస్తుంది అంటాడు ఇబ్న్ సీనా. నా విద్యార్థులకు ఈ పాఠం ఎన్నో ఏళ్లు చెప్పాను. వాళ్లు తల ఊపేవారు. జెరూసలెం కుర్రాడికి దీన్ని చెబితే ముసుగు వేసిన విచారణ గది గుర్తొచ్చి ఉంటుంది. ఈ రెంటినీ నేనే కలుపుతున్నాను, ఆయన మీద మోపడం లేదు. కానీ ఇబ్న్ సీనాను జీవితమంతా చదివిన మనిషి ఆ పిల్లల మాటల్లో అంత విన్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

1987 వేసవిలో ఆయన, జెరూసలెం నాయకుడు ఫైసల్ హుసేనీ కలిసి మోషె అమిరవ్ అనే లికుడ్ పార్టీ సభ్యుడితో రహస్యంగా మాట్లాడారు. లికుడ్ అంటే పాలస్తీనా రాజ్యాన్ని గట్టిగా వ్యతిరేకించే ఇజ్రాయెల్ పార్టీ. విషయం బయటపడింది. ఆ సెప్టెంబర్‌లో బీర్జైత్‌లో పాఠం ముగించి బయటికి వస్తుంటే ముసుగులు వేసుకున్న కొందరు ఆయన మీద పడి కొట్టారు. చేయి విరిగింది. కొట్టినవారు పాలస్తీనా వాళ్లే. ఆ రోజు చెప్పిన పాఠం జాన్ లాక్ మీద, సహనం మీద. అటు అమిరవ్‌ను కూడా అతని పార్టీ బయటికి పంపింది.

ఆ డిసెంబర్‌లో మొదటి ఇంతిఫాదా, అంటే ఆక్రమణ మీద పాలస్తీనా ప్రజల తిరుగుబాటు, మొదలైంది. దెబ్బలు తిన్న మనిషి ఇంట్లో కూర్చోలేదు. సమ్మెలు, పన్నుల నిరాకరణ, ఇజ్రాయెల్ వస్తువుల బహిష్కరణ వంటి కార్యక్రమాలను రహస్య కరపత్రాలు నడిపించాయి. వాటి వెనుక పనిచేసిన బుద్ధిజీవుల్లో ఆయన ఒకరు. సైన్యం విశ్వవిద్యాలయాలను మూసేసింది. బీర్జైత్ 1988 జనవరిలో మూతబడి 1992 ఏప్రిల్‌లో తెరుచుకుంది. యాభై ఒక్క నెలలు. మన ఊళ్లో కాలేజీ ఒక్క నెల మూతబడితే తల్లిదండ్రులు ఎంత కంగారుపడతారో మీకు తెలుసు. అక్కడ అధ్యాపకులు ఇళ్లలో, మసీదుల్లో, చర్చిల్లో పాఠాలు చెప్పారు. అలా చెప్పడం కూడా నేరమే అయింది. పుస్తకాలు పట్టుకుని నడిచే పిల్లలను చెక్‌పోస్టుల దగ్గర ఆపేవారు.

1991 జనవరి చివర, గల్ఫ్ యుద్ధం జరుగుతుండగా, ఆయనను అరెస్టు చేశారు. ఇజ్రాయెల్ మీద ఇరాక్ వేసిన క్షిపణులు ఎక్కడ పడుతున్నాయో ఇరాక్‌కు సమాచారం ఇచ్చారన్నది ఆరోపణ. విచారణ లేదు, న్యాయస్థానంలో రుజువు లేదు. పాలనాపరమైన నిర్బంధం పేరుతో ఆరు నెలలు అన్నారు, మూడు నెలలకు తగ్గించారు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయనను అంతరాత్మ ఖైదీగా, అంటే కేవలం తన నమ్మకాల కోసం బందీ అయిన మనిషిగా ప్రకటించింది. ఒకే మనిషిని నాలుగేళ్ల తేడాలో ఒకవైపు ద్రోహి అని కొట్టారు, మరోవైపు గూఢచారి అని బంధించారు.

1995లో అల్ ఖుద్స్ విశ్వవిద్యాలయం బాధ్యత తీసుకున్నారు. అది నాలుగు కళాశాలల కలయికగా 1984లో ఏర్పడిన సంస్థ, డబ్బు లేదు, నాలుగు చోట్ల చెదిరి ఉంది. అందులో మహిళా కళాశాల హింద్ అల్ హుసేనీ పేరు మీద ఉంది. 1948లో దైర్ యాసీన్ అనే పాలస్తీనా గ్రామంలో జరిగిన ఊచకోత తర్వాత జెరూసలెం వీధిలో దిక్కులేకుండా కనిపించిన 55 మంది పిల్లలను ఇంటికి తీసుకెళ్లి పెంచిన స్త్రీ ఆమె. నుసైబా కాలంలో విద్యార్థుల సంఖ్య పది వేలు దాటింది. పాలస్తీనాలో మొదటి వైద్య కళాశాల అక్కడిదే. పాత నగరంలో పత్తి వర్తకుల బజారు పక్కన శిథిలమైన పాత సత్రాన్ని బాగు చేసి జెరూసలెం అధ్యయన కేంద్రం పెట్టారు. కొంత క్యాంపస్ జెరూసలెంలో, కొంత వెస్ట్ బ్యాంక్‌లో ఉండటం వల్ల ఇజ్రాయెల్ ఆ డిగ్రీలను ఏళ్ల తరబడి గుర్తించలేదు. వైద్యం చదివి పట్టా పొందిన పిల్లలు తమ సొంత నగరంలో వైద్యం చేయడానికి కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇప్పుడు మైదానం కథ. విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం జెరూసలెంకు ఆనుకుని ఉన్న అబూ దీస్‌లో ఉంది. 2003 శరదృతువులో, వెస్ట్ బ్యాంక్‌ను వేరు చేయడానికి ఇజ్రాయెల్ కడుతున్న గోడ ఆ ప్రాంగణంలోని ఆట మైదానాలను చీల్చుకుంటూ వెళ్లేలా గీత గీశారు. బుల్‌డోజర్లు వచ్చాయి. విద్యార్థులు రాళ్లు తీసుకోబోయారు. రాయి వేస్తే తుపాకీ వస్తుంది, తుపాకీ వస్తే మైదానం పోతుంది అన్నది నుసైబా లెక్క. అందుకని అధ్యాపకులను, సిబ్బందిని, విద్యార్థులను అందరినీ మైదానంలోకి దింపారు. అక్కడే పాఠాలు. అక్కడే ఫుట్‌బాల్. అక్కడే సంగీతం. ఒక నెలకు పైగా రోజూ, సైనికులు చూస్తుండగా, వాళ్లు ఆడుతూనే ఉన్నారు. విదేశీ విలేకరులు వచ్చారు, అమెరికా దాకా మాట వెళ్లింది. చివరికి గోడ దారి మార్చారు. మైదానం మిగిలింది. గోడ ఆగలేదు, పక్కనుంచి వెళ్లింది. ఈ రోజుకీ అబూ దీస్ నుంచి జెరూసలెం కళ్ల ముందే ఉంటుంది, చేరడానికి మాత్రం చుట్టూ తిరగాలి. ఆయన గెలిచింది ఒక మైదానం. నేను దాన్ని చిన్నది అనను, పెద్దది చేసి కూడా చెప్పను.

ఇక ఆయన రాజకీయ అభిప్రాయాలు. 1980ల మధ్యలో ఆయన ఒక విచిత్రమైన మాట అన్నారు: ఇజ్రాయెల్ ఆక్రమణ వదలకపోతే, మమ్మల్ని పూర్తిగా కలుపుకుని ఓటు హక్కు ఇవ్వమని అడుగుదాం. తర్వాత ఇంతిఫాదా కాలం నుంచి రెండు రాజ్యాల పరిష్కారానికి గట్టిగా నిలబడ్డారు. 2011లో ప్రచురించిన పుస్తకంలో, రాజ్యం దక్కే ఆశ లేకపోతే, ఓటు, పదవులు లేకుండానైనా పౌర హక్కులన్నీ తీసుకుని మనుషుల్లా బతకడం గురించి ఆలోచిద్దాం అన్నారు. మూడూ మూడు దిక్కులు. నిలకడ లేని మనిషని విమర్శించారు. నేను అలా చూడను. రాజ్యం దేనికి అన్నది ఆయన అడిగే ఒకే ప్రశ్న. జెండా కోసమా, మనిషి స్వేచ్ఛగా, గౌరవంగా బతకడానికా? మనిషి కోసమైతే, రాజ్యం పేరు మీద ఎంతమంది మనుషులను పోగొట్టుకోవచ్చు? ఆ ప్రశ్న నుంచే మూడు జవాబులూ వచ్చాయి. మూడో జవాబును మాత్రం నేను అంగీకరించలేను. ఓటు లేని పౌర హక్కు పాలకుడి దయ మీద నిలుస్తుంది. స్వేచ్ఛను ఎవరూ ఇవ్వలేరని నేర్పిన మనిషే దాన్ని సూచించడం నన్ను బాధించింది. ఇజ్రాయెలీలను కలవరపెట్టి ఆలోచింపజేయడానికి అన్నారని కొందరంటారు. అయినా సరే.

రెండో ఇంతిఫాదాలో ఆత్మాహుతి దాడులు మొదలయ్యాక ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. 2002 జూన్‌లో 55 మంది పాలస్తీనా ప్రముఖులు పౌరుల మీద దాడులు ఆపమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. హనాన్ అష్రావీతో పాటు ఆయనా సంతకం చేశారు. అంతకు ముందు ఏడాది ఫైసల్ హుసేనీ మరణించాక, జెరూసలెం వ్యవహారాలకు పాలస్తీనా విమోచన సంస్థ ప్రతినిధిగా ఆ సంస్థ అధినేత యాసిర్ అరాఫత్ నుసైబానే నియమించారు. 2002 జూలైలో ఇజ్రాయెల్ ఆయన విశ్వవిద్యాలయ కార్యాలయాన్ని మూసేసింది. అదే నెలలో ఆయన ఆమీ అయలోన్‌తో కలిసి ఒక పత్రం మీద సంతకం చేశారు. అయలోన్ ఎవరు? ఇజ్రాయెల్ అంతర్గత భద్రతా సంస్థ షిన్ బెట్ మాజీ అధిపతి. ఏ సంస్థ మనుషులు నుసైబా విద్యార్థులను విచారించారో ఆ సంస్థ.

ఆ పత్రం చాలా చిన్నది. రెండు రాజ్యాలు. 1967 నాటి సరిహద్దులు, ఎంత భూమి తీసుకుంటే అంత భూమి బదులు. జెరూసలెం ఇద్దరికీ రాజధాని, తెరిచి ఉన్న నగరం. పాలస్తీనాకు సైన్యం ఉండదు. శరణార్థులు పాలస్తీనా రాజ్యానికే తిరిగి వస్తారు, ఇజ్రాయెల్‌లోకి కాదు. నాయకులు చేయలేనిది ప్రజల సంతకాలతో చేద్దామని ఇద్దరూ బయలుదేరారు. రెండు వైపులా కలిపి లక్షల మంది సంతకాలు పెట్టారు. ప్రభుత్వాలు పట్టించుకోలేదు. అరాఫత్ 2002 డిసెంబర్‌లో ఆయనను ఆ పదవి నుంచి తప్పించారు.

శరణార్థుల మాట దగ్గరే శిబిరాల్లో కోపం భగ్గుమంది. ఆ కోపం న్యాయమైనదని నేను అనుకుంటాను. 1948లో దాదాపు ఏడు లక్షల మంది ఇళ్లు వదిలారు. వాళ్లకు తిరిగి వెళ్లే అవకాశం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి ఆ డిసెంబర్‌లోనే 194వ తీర్మానం చేసింది. 1948లో వదిలి వచ్చిన జాఫా నగరంలోని ఇంటి తాళంచెవిని మనవరాలికి ఇచ్చి చనిపోయిన ముసలమ్మ హక్కును జెరూసలెం పెద్ద కుటుంబం మనిషి ఎలా వదులుకుంటాడు? నుసైబా జవాబు ఇది: మన దగ్గర రెండు హక్కులున్నాయి. స్వేచ్ఛగా బతికే హక్కు, పాత ఇంటికి వెళ్లే హక్కు. రెండూ ఒకేసారి దక్కవు. బతికి ఉన్న పిల్లల కోసం మొదటిదాన్ని ఎంచుకోవాలి. ఈ జవాబులో నిజాయితీ ఉంది. కానీ ఒకరి హక్కును మరొకరు వదులుకోలేరు. ఆ ముసలమ్మను అడగాలి.

2005లో బ్రిటన్ అధ్యాపకుల సంఘం రెండు ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాలను బహిష్కరించినప్పుడు, హీబ్రూ విశ్వవిద్యాలయం అధ్యక్షుడితో కలిసి నుసైబా దాన్ని వ్యతిరేకించారు. సంభాషణకు మిగిలిన తలుపు విశ్వవిద్యాలయమే అన్నారు. పాలస్తీనా అధ్యాపకుల సంఘం ఆయనను తొలగించమంది. అదే మనిషి నడిపిన విశ్వవిద్యాలయం 2009లో గాజా యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ సంస్థలతో విద్యా సహకారాన్ని నిలిపేసింది. తలుపు తీసే కుటుంబంలో పుట్టిన మనిషి ఆ తలుపు వేయడానికి ఎంత బాధపడి ఉంటారో నేను ఊహించగలను.

అబూ దీస్ ప్రాంగణంలోనే ఖైదీల మ్యూజియం ఉంది. జైళ్ల నుంచి దొంగచాటుగా బయటికి పంపిన ఉత్తరాలు, చేతిరాతలు, ఖైదీలు చేసిన వస్తువులు అందులో దాచారు. 2013 నవంబర్‌లో అదే ప్రాంగణంలో ఒక తీవ్రవాద బృందం నాజీ తరహా వందనంతో ప్రదర్శన చేసింది. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం, ఆయన ఖండన సరిపోలేదంటూ సంబంధాలను నిలిపేసింది. మరుసటి ఏడాది ఆయన పదవి నుంచి తప్పుకుని, మళ్లీ ఇబ్న్ సీనా దగ్గరికి, ఇస్లాంలో తర్కం చరిత్ర దగ్గరికి వెళ్లిపోయారు.

నా సమయం అయిపోయింది. శరణార్థుల గురించి నేను అన్నదానితోనూ, బహిష్కరణ గురించి ఆయన అన్నదానితోనూ విభేదించేవారు ఈ గదిలో ఉన్నారు. ఇద్దరు ముగ్గురి ముఖాల్లో ఇప్పటికే కనిపిస్తోంది. ముందు వాళ్లు మాట్లాడాలని నా కోరిక. పోయిన నెల నన్ను అడిగిన ఆ అబ్బాయి వెనక వరుసలో ఉన్నాడు, మైకు ముందు అతనికి ఇవ్వండి.